బొమ్మను ఆడించే చెయ్యి: 'పపెట్ మాస్టర్' అభిమానుల వాదనలు, ఒడిశా సరిహద్దు చూపు

నిమ్మకాయంత తల, దాని కింద బలిసిన మొండెం, ఆ మొండేనికి ఏ మాత్రం పొంతన కుదరని పెద్ద చేతులు. 'పపెట్ మాస్టర్' సినిమాలో పిన్‌హెడ్ అనే బొమ్మ రూపం ఇది. దూరం నుంచి తీసిన షాట్లలో అది బొమ్మలాగే కదులుతుంది గానీ, ఎవరి గొంతైనా నులిమే దగ్గరి షాట్ వచ్చేసరికి తెర మీద కనిపించేవి నిజమైన మనిషి చేతులే. అతుకు ఎక్కడ పడిందో శ్రద్ధగా చూసేవారికి తెలిసిపోతుంది. అయినా ఈ సినిమాను ముప్పై ఏళ్లకు పైగా గుండెల్లో పెట్టుకున్న అభిమానులు అత్యంత ప్రేమతో తలచుకునే బొమ్మల్లో పిన్‌హెడ్ ఒకటి. తక్కువ డబ్బుతో తీసిన భయానక చిత్రాల్లో లోపాలు వెదకడం సులువైన పని. ఏ లోపాన్ని అభిమానులు మన్నిస్తారు, దేన్ని మన్నించరు అన్న ప్రశ్నకు జవాబు వెదికితే బొమ్మలాట అనే కళ గురించి కొంత లోతైన సంగతి బయటపడుతుంది.

ఎంపైర్ పిక్చర్స్ అనే తన పాత సంస్థ కూలిపోయిన తరువాత నిర్మాత ఛార్లెస్ బాండ్ ఫుల్ మూన్ అనే కొత్త సంస్థను పెట్టి, డేవిడ్ ష్మోలర్ దర్శకత్వంలో 1989లో 'పపెట్ మాస్టర్'ను విడుదల చేశారు. అది థియేటర్లకు వెళ్లకుండా నేరుగా వీడియో క్యాసెట్‌గా వచ్చిన సినిమా. కథ 1939లో, కాలిఫోర్నియా సముద్రతీరంలోని బొడేగా బే అనే చోట ఒక హోటల్లో మొదలవుతుంది. ఆంద్రే టూలాన్ అనే ముసలి బొమ్మల కళాకారుడు, ప్రాచీన ఈజిప్టు మంత్రవిద్యతో ప్రాణం పోసుకున్న తన బొమ్మలను పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను గోడలో దాచి, నాజీ గూఢచారులు తలుపు దగ్గరికి వచ్చేలోగా తుపాకీతో కాల్చుకుని చనిపోతాడు. దశాబ్దాల తరువాత అతీంద్రియ శక్తులున్న కొందరు అదే హోటల్‌కు వస్తారు, బొమ్మలు ఒక్కొక్కరినే చంపుతూ పోతాయి. ఒక చేతికి కొక్కెం, మరో చేతికి కత్తి ఉన్న బ్లేడ్, తల మీద బరమా తిరిగే టనెలర్, నోట్లోంచి జలగలను కక్కే లీచ్ ఉమన్, మూడు ముక్కలుగా తిరిగే ముఖంతో మనోభావాలు మార్చుకునే జెస్టర్, వీటికి తోడు పిన్‌హెడ్: మొదటి సినిమా బృందం ఇది. దాని వెనుక వరుసగా పన్నెండుకు పైగా సినిమాలు వచ్చాయి.

ఒడిశా దక్షిణపు అంచున బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుతూ పెరిగిన ప్రేక్షకుడు ఇటువంటి సినిమాను చూసే తీరుకు ఒక ప్రత్యేకత ఉంది. ఆ ప్రేక్షకుడికి వారసత్వంగా రెండు భాషల బొమ్మలాటలు దక్కాయి. తెలుగు వైపు నుంచి తోలుబొమ్మలాట ఉంది. దాని బొమ్మలు పెద్దవి, రెండు వైపులా రంగులు వేసినవి, నడుము, భుజం, మోచెయ్యి, మోకాలు దగ్గర కీళ్లు ఉన్నవి. ఒడియా వైపు నుంచి రావణఛాయ ఉంది. దాని బొమ్మలు జింకతోలుతో చేసిన చిన్నవి, రంగు లేనివి, ఒక్క కీలు కూడా లేని ఏకాండీ రూపాలు. ఒకటి కీళ్లతో ప్రాణం చూపిస్తుంది, రెండోది కీళ్లు లేకుండానే, బొమ్మను తెరకు దగ్గరగా, దూరంగా జరుపుతూ నీడతోనే ప్రాణం చూపిస్తుంది. వీటికి తోడు ఒడిశాలో చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మలాట కూడా ఉంది. అందులో ఆటగాడు ఒక చేత్తో బొమ్మను ఆడిస్తూ రెండో చేత్తో ఢోలక్ వాయిస్తాడు. మాట, బొమ్మ కదలిక, దరువు మూడూ ఒకే మనిషి నుంచి, ఒకే క్షణంలో రావాలి. ఇవన్నీ ప్రతి ఊళ్లోనూ ప్రతి ఏడూ జరుగుతున్నాయని కాదు. చాలాచోట్ల పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో మిగిలినంతే మిగిలాయి. అయినా బొమ్మ వెనుక మనిషి ఉంటాడని, ఆ మనిషి నేర్పే బొమ్మ ప్రాణమని ఇక్కడి చూపులో ఇంకిపోయింది.

అందుకే 'బొమ్మలు చంపడం ఏమిటి' అన్న మొదటి అభ్యంతరం ఇక్కడ ఎక్కువసేపు నిలవదు. రావణుడి బొమ్మ తెర మీద గర్జిస్తే పిల్లలు జడుసుకోవడం, ఆ వెంటనే కేతిగాడూ బంగారక్కా వచ్చి నవ్విస్తే తేరుకోవడం ఎరిగిన సంప్రదాయంలో, బొమ్మకు భయపెట్టే హక్కు ఎప్పటినుంచో ఉంది. బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి యాత్రలో బుఢీ ఠాకురాణి అమ్మవారు ఆడపడుచుగా పుట్టింటికి వచ్చి, నేతపనివారి కులపెద్ద అయిన దేశిబెహెరా వీధిలో కొలువుండే రోజుల్లో, వీధుల నిండా పులివేషాలూ దేవతల వేషాలూ తిరుగుతాయి. రంగు పూసుకుని మీదికి దూకబోయే పులి వెనుక పక్కింటి మనిషి ఉన్నాడని తెలిసినా పిల్లవాడు తల్లి కొంగు పట్టుకుంటాడు. తెలిసి భయపడటం, భయపడుతూనే చూడాలనుకోవడం అన్న ఈ రెండంచుల అనుభవమే ఈ సినిమాల అభిమానులు కోరుకునేది కూడా. పిన్‌హెడ్ చేతులు మనిషివని తెలిసిపోయినా ఎవరికీ నష్టం కలగకపోవడానికి కారణం ఇదే.

అభిమానుల మధ్య అన్నిటికన్నా ఎక్కువగా జరిగే వాదన మొదటి సినిమాకూ, 1991లో డేవిడ్ డికోటో దర్శకత్వంలో వచ్చిన మూడో భాగానికీ మధ్య. మొదటిదాన్ని పట్టుకున్నవారు దాని వాతావరణాన్ని ముందుకు తెస్తారు. ఖాళీ హోటల్ నడవాలు, నేలకు జానెడు ఎత్తున పరుగెత్తే కెమెరా, మనిషి కాళ్ల మధ్య నుంచి బొమ్మ కంటితో లోకాన్ని చూపించే షాట్లు, వీటన్నిటి మీదుగా రిచర్డ్ బాండ్ కట్టిన బాణీ. తిరునాళ్ల రంగులరాట్నం దగ్గర వినబడే పాటలా తియ్యగా మొదలై, ఎక్కడో వికృతంగా ఒరిగిపోయే ఆ బాణీ సినిమా మొత్తానికి ఊపిరి అనవచ్చు. బొమ్మలను తక్కువగా, నీడల్లో చూపించడంవల్లే భయం నిలిచిందని వీరి మాట. వీరి పరిశీలన సరైనదే. అయితే అదే సినిమా నడక చాలాచోట్ల నత్తనడకేనని, మనుషుల పాత్రల్లో మనసు పెట్టదగినవి తక్కువని మొదటి భాగాన్ని ఇష్టపడేవారే ఒప్పుకుంటారు.

మూడో భాగం పక్షాన నిలబడేవారి సంఖ్య పెద్దది, వారి వాదనా బలమైనది. ఆ కథ 1941 నాటి బెర్లిన్‌లో జరుగుతుంది. టూలాన్ అక్కడ హిట్లర్‌ను వెక్కిరించే బొమ్మలాట ఆడతాడు. అతని బొమ్మలకు ప్రాణం ఉందన్న రహస్యం నాజీల రహస్య పోలీసు దళమైన గెస్టపోకు తెలిసిపోతుంది, చచ్చిన సైనికులను మళ్లీ నడిపించాలన్న ప్రయోగాలకు ఆ విద్య కావాలని వారు వెంటపడతారు, అతని భార్య ఎల్సాను చంపేస్తారు. ఆమె ఆత్మను టూలాన్ ఒక బొమ్మలోకి ఆవాహన చేస్తాడు. మొదటి సినిమాలో జలగలు కక్కి అసహ్యం పుట్టించిన ఆ ఆడబొమ్మే ఎల్సా అని తెలిశాక, ప్రేక్షకుడు మొదటి సినిమాను వెనక్కి తిప్పి మరో కంటితో చూడవలసి వస్తుంది. నాజీల చేతిలో పోయిన ఆత్మీయులే ఈ బొమ్మలు అన్న మాటతో హత్యల పరంపర ప్రతీకార కథగా మారింది. టూలాన్ పాత్రలో గై రోల్ఫ్ చూపిన అలసట, మర్యాద, మొండి కోపం అనేవి తక్కువ బడ్జెట్ సినిమాల్లో అరుదుగా దొరికే నటన.

మూడో భాగంలో బొమ్మల భయానక శక్తి తగ్గిపోయిందన్నది అవతలి పక్షం ఫిర్యాదు. చంపబడేవాడు నాజీ అయినప్పుడు ప్రేక్షకుడు భయపడడు, చప్పట్లు కొడతాడు. ఇది కాదనలేని మాట. అయితే నిజంగా జరిగింది భయం పోవడం ఒక్కటే కాదు, కథలోకి సూత్రధారి రావడం. మొదటి సినిమాలో టూలాన్ తొలి నిమిషాల్లోనే చనిపోతాడు, బొమ్మలు దిక్కులేనివి, దొరికినవాడికల్లా పనిచేస్తాయి. వాటిని వశం చేసుకున్న గాలగర్ అనే దుర్మార్గుడికీ పనిచేస్తాయి. కానీ అతడు జెస్టర్‌ను నేలకేసి కొట్టిన క్షణంలో మిగిలిన బొమ్మలన్నీ అతని మీదికి తిరుగుతాయి. తమను నడిపించేవాడి నీతి ఏమిటని అవి అడగలేదు, తమలో ఒకదాన్ని అవమానించాడని మాత్రం చూశాయి. మొదటి సినిమా మొత్తంలో అభిమానులు మళ్లీ మళ్లీ చెప్పుకునే ఘట్టం ఇదే కావడం యాదృచ్ఛికం కాదు. వినాయక ప్రార్థన లేకుండా బొమ్మను తెర మీదికి తేని తోలుబొమ్మలాట సంప్రదాయం ఎరిగిన ప్రేక్షకుడికి ఆ ఘట్టం మరింత సూటిగా తగులుతుంది. బొమ్మను విసిరికొట్టినవాడు ఆటగాడు కాడు. మూడో భాగం ఆ చిన్న ఘట్టంలోని బీజాన్నే తీసుకుని పూర్తి కథగా పెంచింది.

ఈ రెండు సినిమాల మధ్య ఉన్న తేదీల చిక్కు అభిమానులకు మరో పెద్ద చర్చావిషయం. మొదటి సినిమా ప్రకారం టూలాన్ 1939లోనే అమెరికాలో చనిపోయాడు, మూడో సినిమా ప్రకారం 1941లో బెర్లిన్‌లో బతికే ఉన్నాడు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. ఇది అజాగ్రత్త అని కొందరు కొట్టిపారేస్తారు, మొదటి తేదీని తప్పుగా పరిగణించి కథను సరిదిద్దుకోవాలని మరికొందరు లెక్కలు కడతారు. బొమ్మలకు ప్రాణం పోసే విధానం కూడా ఒక్కో సినిమాలో ఒక్కో రకంగా ఉంటుంది: మొదటిదాంట్లో మంత్రం, తరువాత మనిషి మెదడు కలిపి చేసే పచ్చని ద్రవం, ఆ తరువాత ఆత్మల ఆవాహన. రామాయణాన్ని తెలుగు ఆటగాళ్లు ఒకలాగా, ఒడియా ఆటగాళ్లు ఒకలాగా చెప్పడం, ఎవరిది తప్పు అని ఎవరూ తగువు పెట్టుకోకపోవడం చూసిన సరిహద్దు జిల్లాల మనిషికి ఈ రెండేళ్ల తేడా అంత పెద్ద నేరంగా కనిపించదు. ప్రతి భాగమూ ఒక పాఠాంతరం అనుకుంటే సరిపోతుంది. ఈ అభిమానం ఇన్నేళ్లు నిలవడానికి ఆ సడలింపే ఒక కారణం కావచ్చు.

ఇక డబ్బు సంగతి. తక్కువ ఖర్చు అన్నదాన్ని ఈ అభిమానులు తప్పుగా ఎంచరు. వారి ఓర్పు ఎక్కడ తెగిపోయిందో చూస్తే విషయం స్పష్టపడుతుంది. 2003లో వచ్చిన 'లెగసీ' అనే భాగం గంటా పావు కూడా నిండని నిడివిలో అధికభాగం పాత సినిమాల ముక్కలనే అతికించి చూపించింది. కొత్తగా తీసినది కొంచెం, అందులో బొమ్మల ఆట ఇంకా కొంచెం. వరుస మొత్తంలో దీనికన్నా దిగువ స్థానం మరొకదానికి ఇచ్చే అభిమానులు తక్కువ. 1998 నాటి ఆరో భాగం మీద కూడా ఇదే ఫిర్యాదు ఉంది: పాత షాట్లను కోసి తెచ్చుకున్నారని, బొమ్మలు ఉన్నచోట నిలబడి తల తిప్పడం తప్ప ఏమీ చేయవని. ఖర్చు లేక తక్కువ చూపించడం వేరు, చేతిపని మానేసి పాత చేతిపనినే మళ్లీ అమ్మడం వేరు. బరంపురం పట్టుచీర అంచులో గుడి గోపురాల వరుసలా నిలిచే ఫోడా కుంభ నేతను చూసి పెరిగినవారికి ఈ తేడా వివరించనక్కరలేదు. మగ్గం మీద పడిన చిన్న పొరపాటును కొనేవారు సరిపెట్టుకుంటారు, అచ్చు వేసిన గుడ్డను చేనేత అని చెప్పి ఇస్తే మాత్రం మళ్లీ ఆ దుకాణం గడప తొక్కరు.

ఆ పాత చేతిపని అంత గొప్పదా అని అడిగేవారికి అభిమానులు చూపించే పేరు డేవిడ్ ఆలెన్. 'యంగ్ షెర్లాక్ హోమ్స్' సినిమాకు పనిచేసి ఆస్కార్ నామినేషన్ అందుకున్న ఈ నిపుణుడు తొలి భాగాల బొమ్మల పని చూశారు, రెండో భాగానికి దర్శకత్వం కూడా వహించారు, 1999లో చనిపోయారు. తొలి సినిమాల్లో బొమ్మల కదలికలు చాలావరకు కడ్డీలతో, తీగలతో, కింద నుంచి చేయి పెట్టి ఆడించినవి. వాటి మధ్యన పూర్తి ఆకారం నడవవలసిన చోట స్టాప్ మోషన్ వాడారు. స్టాప్ మోషన్ అంటే బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫ్రేమ్ తీయడం, మళ్లీ కదిపి మరో ఫ్రేమ్ తీయడం. సెకనుకు 24 ఫ్రేములు నడిచే సినిమాలో, ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా, ఒక్క సెకను కదలికకు 12 సార్లు చేయి పెట్టాలి. మూడో భాగంలో ఆరు చేతుల కౌబాయ్ బొమ్మ సిక్స్ షూటర్ సాలీడులా గోడ ఎక్కే దృశ్యం తెర మీద కొన్ని క్షణాలే ఉంటుంది. ఆరు చేతులూ రెండు కాళ్లూ ప్రతిసారీ వేరువేరుగా జరగాలి, ఏ ఒక్కటి పొరపాటున తగిలినా షాట్ మొదటికి వస్తుంది. ఆ కదలికలో కనిపించే సన్నని కుదుపును నేటి ప్రేక్షకుల్లో కొందరు నాసితనం అంటారు. దగ్గరగా ఎరిగినవారు దాన్నే ప్రాణం అంటారు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో ఆ కుదుపు ఉండదు, బరువు కూడా ఉండదు. బొమ్మ బల్ల మీద అడుగు వేస్తే బల్ల దాన్ని మోస్తున్నట్టు అనిపించదు. ఇటీవలి భాగాల మీద వచ్చే విమర్శల్లో సగం ఈ బరువు గురించే.

1993, 1994లలో వచ్చిన నాలుగు, అయిదు భాగాలు బొమ్మలను మంచివాళ్లుగా, నాయకుడి రక్షకులుగా మార్చాయి. పిల్లల సినిమాలా అయిపోయిందని కొందరు, బొమ్మల మీద ప్రేమ పెరిగిందని కొందరు అంటారు. ఈ రెండు సినిమాల మీద ఇంతకు మించిన వేడి చర్చ లేదు.

వేడి పుట్టించినది 2018లో వచ్చిన 'ది లిటిలెస్ట్ రైక్'. దీంట్లో టూలాన్ నాజీలకు బలైన మనిషి కాడు, తానే నాజీ. అతని బొమ్మలు ఒక హోటల్లో యూదులనూ, స్వలింగ ప్రేమికులనూ, వలసవచ్చినవారినీ వెదికి వెదికి చంపుతాయి. రక్తపాతం మునుపెన్నడూ లేనంత, బొమ్మల సంఖ్య కూడా మునుపటికన్నా చాలా ఎక్కువ. భయానక చిత్రాలను విడిగా ఇష్టపడేవారిలో చాలామంది దీన్ని మెచ్చుకున్నారు. తొలి భాగాల మీద మమకారం ఉన్నవారిలో చాలామందికి ఇది ద్రోహంలా తోచింది. మొదటి వర్గం చెప్పేదాంట్లో న్యాయం ఉంది: హత్య చేసే బొమ్మ భయపెట్టకపోతే ఆ సినిమా ఎందుకు? పైగా దీంట్లో చేతితో చేసిన బొమ్మలు దండిగానే ఉన్నాయి, చేతిపనికి లోటు చేశారని అనలేం. లోటు మరోచోట ఉంది. ఇందులోని బొమ్మకు, దాని యజమానికి మధ్య ద్వేషం తప్ప వేరే బంధం లేదు. జెస్టర్‌ను నేలకేసి కొడితే తిరగబడే బొమ్మలు, ఎల్సా ఆత్మను మోసే బొమ్మ, ఇక్కడ ఆయుధాలుగా మిగిలాయి. ఒక ఆయుధం ఎంత భయంకరమైనదైనా దాన్ని బొమ్మలాట అనరు. ద్రోహం అన్న మాట కొంచెం ఎక్కువే కావచ్చు గానీ, ఆ మాట పుట్టిన బాధ సరైన చోటే పుట్టింది.

ఫుల్ మూన్ సంస్థ ఆ రోజుల్లో చేసిన ఒక పని ఈ బాధను అర్థం చేసుకోవడానికి పనికివస్తుంది. తమ క్యాసెట్ల చివర వీడియోజోన్ అనే చిన్న కార్యక్రమాన్ని చేర్చేవారు. సినిమా పూర్తికాగానే, అదే టేపు మీద, ఆ బొమ్మలను చేసినవారు, ఆడించినవారు కనిపించేవారు. కడ్డీ ఎక్కడ పట్టుకున్నారో, తీగ ఎక్కడ లాగారో చూపించేవారు. ఇంటర్నెట్ లేని కాలంలో ఇది చాలా అరుదైన వసతి. భయపడి, ఆ వెంటనే భయపెట్టిన చెయ్యిని చూసిన తరం అది. తోలుబొమ్మలాటలో పిల్లలు తెర వెనక్కి వెళ్లి దీపం దగ్గర కూర్చున్న ఆటగాళ్లను తొంగి చూసినట్టే వారూ చూశారు. రహస్యం తెలిసినందుకు వారిలో మోజు తగ్గలేదు, అదే వారిని అభిమానులను చేసింది. ఫుల్ మూన్ తరువాత అమ్మిన నకలు బొమ్మలను కొని ఇంట్లో అలమరాలో పెట్టుకునేవారిలో ఈ తరంవారే ఎక్కువ.

ఆ అలమరాల్లో తప్పకుండా ఉండే ముఖం బ్లేడ్‌ది: తెల్లగా పాలిపోయిన బుగ్గలు లోపలికి పోయి, నల్లని టోపీ, నల్లని కోటు వేసుకున్న ముఖం. దానికి జర్మన్ నటుడు క్లౌస్ కిన్స్కీ పోలికలు ప్రేరణ అని చెబుతారు. ష్మోలర్ 1986లో కిన్స్కీతో ఒక సినిమా తీశారు. అభిమానుల ఓట్లన్నీ బ్లేడ్‌కే పడతాయి గానీ, వాదన ముదిరి రాత్రి పొద్దుపోయాక వారు మాట్లాడేది లీచ్ ఉమన్ గురించే. తరువాతి భాగాల్లో ఆమెను చాలావరకు పక్కన పెట్టేశారు. జలగలు వెగటు పుట్టిస్తాయని కావచ్చు, ఆమె ఆడించడానికి కష్టమైన బొమ్మ అని కావచ్చు. ఎల్సా కథ తెలిసినవారికి ఆ మౌనం సర్దుకోదు. టూలాన్ ఎన్నో బొమ్మలు చెక్కాడు, వాటిలో భార్య ఉన్నది ఆ ఒక్క దానిలోనే.